లోపలి నుంచి పిలిస్తేనే పలికే కిటికీ

నాతో వాదించి గెలిచినవాళ్ళు లేరని కాదు. ఉన్నారు. గెలిచాక రెండోసారి రాలేదు, అంతే. నంద్యాలలో నేను కంప్యూటర్ పాఠాలు చెప్పిన కాలేజీలో ఈ సంగతి ప్రిన్సిపాల్‌కీ తెలుసు, క్యాంటీన్ ఆయనకీ తెలుసు. ఆ ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుని ప్రోగ్రాములు రాసుకోవడం మొదలుపెట్టినప్పుడు, వాదించడానికి మనుషులు దొరకక ఆ కరువంతా తన మీద తీర్చుకుంటానేమోనని మా ఆయన భయపడ్డాడు. ఆయన అదృష్టం బాగుంది. నాకు బిట్‌కాయిన్ వాళ్ళు దొరికారు.

ఎవరి దేశంలో వాళ్ళు కూర్చుని, ఒకరి మొహం ఒకరు చూడకుండా, అందరికీ ఊరికే ఇవ్వడానికి ఒక చిన్న ప్రోగ్రాం తయారుచేస్తున్న బృందం అది. బిట్‌కాయిన్‌లో మొదటి రోజు నుంచి జరిగిన ప్రతి లావాదేవీనీ మోసుకు తిరిగే బరువు ప్రోగ్రాములు వేరే ఉన్నాయి. వాటికి పెద్ద డిస్కు కావాలి, తెగని ఇంటర్నెట్ కావాలి. మాది తేలిక రకం, మా వాడుకలో క్లయింట్. లావాదేవీలన్నీ ఒక ఉమ్మడి లెక్కల పుస్తకంలో పుటలు పుటలుగా ఎక్కుతాయి; ఇది ప్రతి పుట తలకట్టు, అంటే పైనుండే గుర్తు, మాత్రం దగ్గర పెట్టుకుంటుంది. మనకు సంబంధించిన లావాదేవీ ఏమైనా జరిగిందా అని ఇంటర్నెట్‌లో తోటి కంప్యూటర్లను అడుగుతుంది. వాళ్ళు చెప్పింది నిజమా కాదా అని ఆ తలకట్టుతో సరిచూసుకుంటుంది. పాత కంప్యూటర్, ఫోన్‌లోంచి ఇచ్చే ఇంటర్నెట్ ఉంటే దానికి చాలు.

నాకు అప్పజెప్పింది దాని కిటికీ. బయటి ప్రోగ్రాములు, అంటే ఒక దుకాణం బిల్లుల ప్రోగ్రాం లాంటివి, ఈ క్లయింట్ దగ్గరికి వచ్చి "ఫలానా చెల్లింపు వచ్చిందా?" అని అడగాలి. బస్టాండులో విచారణ కిటికీ ఉన్నట్టు. బయట నిలబడి అడగాలి, జవాబు తీసుకోవాలి, లోపలికి చెయ్యి పెట్టకూడదు. ఏ ప్రశ్నలు అడగనివ్వాలి, జవాబు ఏ మాటల్లో ఇవ్వాలి, ఎవరు అడిగితే పలకాలి, ఎవరు అడిగితే మూసుకోవాలి, ఇదంతా తేల్చడమే నా పని. వినడానికి చిన్నది. మేము నెలల తరబడి కొట్లాడుకున్నాం.

బృందానికి పెద్ద ఒకాయన ఉన్నాడు. గొంతు ఎప్పుడూ వినలేదు, రాతలోనే పరిచయం. మర్యాదగా రాస్తాడు, మొండిగా ఆలోచిస్తాడు. మొదటి గొడవ సున్నా గురించి వచ్చింది. క్లయింట్ ఇప్పుడే తెరుచుకుంది, తోటివాళ్ళను ఇంకా అడగలేదు. అప్పుడే బిల్లుల ప్రోగ్రాం వచ్చి ఎంత ఉందని అడిగితే? సున్నా అని చెప్పి, తెలిశాక సరిచేస్తే పోతుంది కదా అన్నాడాయన. పోదు అన్నాను. లేదు అనడం వేరు, తెలియదు అనడం వేరు. మా ఊళ్ళలో కరెంటు పోతుంది, సిగ్నల్ పోతుంది. ప్రతిసారీ సున్నా చూపిస్తే దుకాణం ఆయన ప్రాణాలు పోతాయి. మూడే జవాబులు పెట్టాను: ఇంకా తెలియదు, విన్నాను, ఖాయం. ప్రోగ్రాంలో వాటి పేర్లు ఇంగ్లీషులో ఉన్నాయి కానీ అర్థం అదే. "తెలియదు" ఒకటి అదనంగా ఉంటే బయటి ప్రోగ్రాములు రాసేవాళ్ళకు పని పెరుగుతుందని ఆయన వారం రోజులు వాదించాడు. పెరగనీ అన్నాను.

రెండోది ఇంకా పెద్ద గొడవ. కిటికీ ఎటువైపు తెరవాలి? ఆ కంప్యూటర్‌లోనే ఉన్న ప్రోగ్రాములకు మాత్రం పలకాలా, లేక ఇంటర్నెట్‌లో ఎక్కడి నుంచి పిలిచినా పలకాలా? ఎక్కడి నుంచైనా పలికితే అందరికీ సుఖం, పాస్‌వర్డ్ ఎలాగూ ఉంటుంది కదా అన్నది ఆయన పక్షం. సుఖం సంగతి తర్వాత, వీధిలోకి తెరిచిన కిటికీకి తాళం ఉందని ఎవరూ నిద్రపోరు అన్నది నా పక్షం. చివరికి నా మాటే నిలిచింది. క్లయింట్ ఏ కంప్యూటర్‌లో ఉంటే ఆ కంప్యూటర్‌లోంచి పిలిస్తేనే పలుకుతుంది. బయటి నుంచి అది ఉన్నట్టు కూడా తెలియదు. ఇంకో మాట కూడా గెలిచాను. పిలుపులు, అంటే కిటికీ దగ్గర చేయించుకోగల పనులు, తక్కువ ఉండాలి. ఎవరో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుందని ఒక్క పిలుపు కూడా అదనంగా పెట్టేది లేదు. ఆ రాత్రి మా ఆయన నా మొహం చూసి, ఎవరు ఓడిపోయారని మాత్రం అడిగాడు.

ఇవన్నీ కాగితం మీద బాగున్నాయి. నిజం దుకాణంలో పెట్టి చూడాలి. మా తమ్ముడిది ఆళ్ళగడ్డలో రాతి పని. రోడ్డుకు అటూ ఇటూ కార్ఖానాల ముందు దేవుళ్ళు వరసగా నిలబడి ఉంటే, మధ్యలో వీడిది మాత్రం సిలువలు, సమాధి రాళ్ళు, శంకుస్థాపన ఫలకాలు. మాది క్రైస్తవుల కుటుంబం. మా నాయన బడిపంతులు. నల్లబోర్డు మీద ఆయన రాసే అక్షరాలు చూసి పెరిగిన వీడు, అవే అక్షరాలు రాతి మీద తీయడం నేర్చుకున్నాడు. తెలుగు, ఇంగ్లీషు, ఉర్దూ, ఏది ఇచ్చినా చెక్కుతాడు. అందుకే మసీదు వాళ్ళు, గుడి వాళ్ళు కూడా పేర్ల ఫలకాలకు వీడి దగ్గరికే వస్తారు.

బయటి దేశంలో ఒకాయన తమ చిన్న చర్చికి రాతి బాప్తిస్మపు తొట్టి, ప్రసంగ వేదిక చేయమని వీడికి ఆర్డరు ఇచ్చాడు. బిట్‌కాయిన్‌లో అయితేనే పంపిస్తానన్నాడు. తమ్ముడు నన్ను అడిగాడు. నాకు కావలసిందీ అదే. వాడి పాత కంప్యూటర్‌లో మా క్లయింట్ పరీక్ష ప్రతిని పెట్టాను. వాడి బిల్లుల ప్రోగ్రాం కూడా నేనే రాశాను. అది కిటికీ దగ్గరికి వెళ్ళి అడుగుతుంది, జవాబు తెర మీద చూపిస్తుంది. దానికి చూసే హక్కే ఇచ్చాను, పంపే హక్కు ఇవ్వలేదు. తొట్టి, వేదిక తయారై వెళ్ళిపోయాయి. విడతలు విడతలుగా డబ్బంతా వచ్చింది. రూపాయల్లోకి మార్చుకునే ఖాతా కాగితాలు ఇంకా పూర్తికాక అది బిట్‌కాయిన్‌గానే ఉంది. వానాకాలమంతా వాడూ వాడి పనివాళ్ళూ చేసిన కష్టం అది.

క్లయింట్ పెట్టిన రోజున అది పన్నెండు ఇంగ్లీషు మాటలు ఇస్తుంది. నిమ్మకాయ, నిచ్చెన, మేఘం లాంటి మామూలు మాటలు, వరసకు మాత్రం అర్థం ఉండదు. కంప్యూటర్ కాలిపోయినా సరే, ఆ పన్నెండు మాటలు అదే వరసలో ఉంటే డబ్బు మళ్ళీ చేతికొస్తుంది. ఇంకొకరికి దొరికితే వాళ్ళ చేతికి పోతుంది. ఈ సంగతి తమ్ముడికి బాగా అర్థమయ్యేలా చెప్పాను. ఫోన్‌లో పెట్టొద్దు, కంప్యూటర్‌లో పెట్టొద్దు, నీళ్ళకూ నిప్పుకూ చెదలకూ చెడని చోట రాసి పెట్టు అన్నాను. వాడు శ్రద్ధగా తలూపాడు. ఆ తలూపుడు చూసి నేను నంద్యాల బస్సెక్కాను.

ఇక ఆ శనివారం పొద్దున. సంజామల దగ్గర మా అమ్మ పుట్టిన ఊళ్ళో కొత్త చర్చి కడుతున్నారు. ఫలకాలన్నీ మా తమ్ముడే చెక్కాడు. అమ్మ పేరు మీద నేనూ కొంత ఇచ్చాను కాబట్టి ఆ సంఘం వాట్సాప్ గ్రూపులో నన్నూ కలిపారు. టిఫిను చేస్తూ ఫోన్ చూశాను. సంఘ పెద్ద ఫోటోలు పెట్టాడు. ఆయన నాకు అమ్మ తరఫు వరసకు మామ. వందనాలు, రాళ్ళు క్షేమంగా దిగినాయి, వీటితో పాటు ఒక ఇంగ్లీషు బైబిలు వాక్యం గూడా వచ్చింది, చెక్కుడు శానా బాగుంది, కిందిభాగం మట్టి అంటుకున్నాది, ఇది ఏ అధ్యాయంలోదో తెలిసినోళ్ళు చెప్పవలెను అని రాశాడు.

ఫోటో పెద్దది చేసి చూశాను. నున్నగా పాలిష్ చేసిన నల్లరాతి ముక్క. దాని మీద మా తమ్ముడి చెయ్యి. ఒక్కో వరసలో ఒక్కో మాట, అంచులు కోసినట్టు అందంగా. పై ఎనిమిది మాటలు స్పష్టంగా ఉన్నాయి. ఏ మాటకూ పక్క మాటతో సంబంధం లేదు. మిగిలిన నాలుగూ ఎర్రమట్టి కింద ఉన్నాయి. చేతిలో ఇడ్లీ చేతిలోనే ఉండిపోయింది. ఏ వాక్యమో నాకు కాకపోతే ఇంకెవరికి తెలుస్తుంది.

తమ్ముడికి ఫోన్ చేశాను. వెనక కంప్రెసర్ మోత. కట్టేయమని అరిచి, ఆ పన్నెండు మాటలు యాడ పెట్టినావురా అని అడిగాను.

"రాయిమీద చెక్కితి గదక్కా. కంప్రెసర్ యెనకాల పెట్టినా."

"పోయి చూడు."

చూసి వచ్చాడు. నిన్న హమాలీలు ఫలకాలు లారీకి ఎక్కించేటప్పుడు, అంచులు విరగకుండా మధ్యలో పెట్టడానికి అక్కడ పడి ఉన్న ముక్కలన్నీ తీసుకుపోయారట. ప్రతి లోడుకూ అలాగే చేస్తారు. ఇది కూడా ముక్కే అనుకున్నారు.

"నువ్వే గదా చెప్తివి, నీళ్ళకు నిప్పుకు చెడనిది కావాలని," అన్నాడు. "రాయి కంటే చెడనిది ఇంకేముందక్కా?"

"చెడలేదురా. చూస్తాండా గదా, నిక్షేపంగా ఉండాది. సంఘమంతా చదువుతాండారు."

తిట్టడానికి నా దగ్గర ఇంకా చాలా ఉన్నాయి కానీ టైము లేదు. ఎనిమిది మాటలతో మామూలువాళ్ళు ఏమీ చేయలేరు. మిగిలిన నాలుగింటినీ ఊహించి పట్టాలంటే పెద్ద పెద్ద కంప్యూటర్లు, ఒకటి రెండు రోజులు కావాలి. మట్టి కడిగితే మాత్రం పన్నెండూ బయటపడతాయి. గ్రూపులో ఉన్న వాళ్ళందరూ మంచివాళ్ళే. కానీ వాళ్ళ కొడుకులు, అల్లుళ్ళు బెంగుళూరులో కంప్యూటర్ ఉద్యోగాల్లో ఉన్నారు. ఈ ఫోటో అక్కడికి పోతే ఒక్కడైనా గుర్తుపట్టడా? నేను గుర్తుపట్టలేదూ?

చేయాల్సింది ఒకటే. ఆ మాటలకు చెందిన డబ్బంతా తీసి, కొత్త పన్నెండు మాటలున్న ఇంకో చోటికి మార్చేయాలి. మార్చేస్తే ఆ రాయి ఒట్టి రాయి. నా కంప్యూటర్ ముందు కూర్చున్నాను. కొత్తది తయారుచేశాను, మాటలు కాగితం మీద రాసుకున్నాను. అంతవరకే నంద్యాలలో అయ్యేది. పంపాలంటే తమ్ముడి కంప్యూటర్‌లో క్లయింట్ కిటికీ దగ్గరికి వెళ్ళాలి. ఆ కిటికీ బయటి నుంచి పిలిస్తే పలకదు. ఎవరు పిలిచినా పలకదు. నేను పిలిచినా పలకదు. దానికోసం ఎన్ని నెలలు కొట్లాడానో చెప్పాను కదా.

వాడితోనే చేయిద్దామని చూశాను. పరీక్ష ప్రతికి బటన్లు లేవు, నల్ల తెర మీద కమాండ్లు కొట్టాలి. రెండు కమాండ్లు ఫోన్‌లో చెప్పేసరికే, ఏందో ఎర్రగా వచ్చె అక్కా అన్నాడు. పంపాల్సిన చిరునామా చూస్తే మూరెడు పొడవు, అర్థం లేని అక్షరాలు. ఒక్క అక్షరం అటూఇటూ కాకుండా ఫోన్‌లో చెప్పడం, వాడు రెండు వేళ్ళతో కొట్టడం. రాతి మీదైతే వాడు తప్పు చేయడు. కీబోర్డు మీద వాడిని నేను నమ్మను.

"నువ్వు పెట్టిన కిటికీకి నీ మాట గూడా ఇనపడదా అక్కా?"

"ఈడ నుంచి ఇనపడదు. ఆడికొస్తేనే ఇంటాది. కంప్యూటర్ ముట్టుకోవద్దు. నేను వస్తాండా."

ఆళ్ళగడ్డ మీదుగా చాగలమర్రి వెళ్ళే బస్సు దొరికింది. కిటికీ పక్కన కూర్చుని గ్రూపు తెరిచాను. అప్పటికే జవాబులు వచ్చిపడుతున్నాయి. ఒకాయన ఇది ప్రవక్తల మాట అన్నాడు. ఇంకొకామె ఇది చివరి దినాల గురించి అని, మనకు అర్థం కాలేదంటే చివరి దినాల గురించే అయ్యుంటుందని తేల్చింది. మూడో ఆయన, మట్టి కడిగి మిగతా వాక్యం గూడా పెట్టు పెద్దాయనా అన్నాడు. దాని కింద ఆరేడు మంది చేతులు జోడించారు.

కడగొద్దు అనలేను. ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే, ఎవడో ఒకడు దోచుకోవడానికి ఆ చెప్పిందే చాలు. ఇది వాక్యం కాదంటే, మరి ఏంది అని అందరూ ఆ రాయి చుట్టూ చేరతారు. మామకు విడిగా ఫోన్ చేద్దామా అంటే, ఆయన ఏ రహస్యమైనా స్పీకర్ పెట్టి వింటాడు. వాళ్ళ చూపు ఆ రాయి మీద నుంచి తప్పించాలి. నాకు బాగా వచ్చిన పని ఒకటుంది కదా. వేరే ఫోటోలో దాతల ఫలకం కనిపించింది. దాన్ని పట్టుకున్నాను.

అందరికీ వందనాలు అని మొదలుపెట్టి, వాక్యం సంగతి తర్వాత చూద్దాం, దాతల రాయి మీద ఎక్కువ ఇచ్చినోళ్ళ పేర్లు పైన, తక్కువ ఇచ్చినోళ్ళ పేర్లు కింద చెక్కమని ఎవరు చెప్పినారు, దేవుని మందిరంలో గూడా దుడ్లు ఉన్నోడే ముందు నిలబడాలా, వయసు వరసలో పెట్టాల్సింది అని రాశాను. రాసి, శిరివెళ్ళ దగ్గర సిగ్నల్ పోయేలోపల పంపేశాను.

మళ్ళీ సిగ్నల్ వచ్చేసరికి గ్రూపు ఉడుకుతోంది. కింద పేర్లున్నవాళ్ళందరూ నా పక్షం. పైన పేర్లున్నవాళ్ళు, ఇచ్చినోడికి ఆ మాత్రం మర్యాద లేకపోతే ఎట్లని. ఒకామె ఎప్పుడో కూరగాయల తోట సరిహద్దు గొడవ కూడా లాక్కొచ్చింది. మామ అందరినీ శాంతంగా ఉండమంటున్నాడు. నన్ను మాత్రం విడిగా, "కోడలా, నీకు ఈ పొద్దే గుర్తుకొచ్చిందా ఇది?" అని అడిగాడు. నేను ఇంకో రెండు మాటలు వేశాను. ఎవరికీ అనుమానం రాలేదు. నేను ఉన్నట్టుండి గొడవ పెట్టుకుంటే మా అమ్మ ఊళ్ళో ఎవరూ కారణం వెతకరు. జీవితంలో మొదటిసారి ఆ పేరు నాకు పనికొచ్చింది. నిజం చెప్పాలంటే, రాస్తూ రాస్తూ నా వాదన నాకే సరైనదనిపించింది కూడా.

ఆళ్ళగడ్డలో దిగేసరికి తమ్ముడు బండి వేసుకుని వచ్చి ఉన్నాడు. కార్ఖానాలో మరదలు కంప్యూటర్ మీద దుమ్ము పడకుండా కప్పిన ప్లాస్టిక్ పట్ట తీసి, కుర్చీ తుడిచి పెట్టింది. తన ఫోన్‌లోంచి ఇంటర్నెట్ ఇచ్చింది. పొద్దున ఆ రెండు కమాండ్ల తర్వాత కంప్యూటర్ ఆపేసి కప్పేసిందట. తెరిచాను. వీడు నా భుజం మీదుగా బిల్లుల తెర వైపే చూస్తున్నాడు. డబ్బు ఎంతుందో కనిపించే చోట, "ఇంకా తెలియదు" అని వచ్చింది.

"తెలియదంటే ఏందక్కా, పాయెనా?"

"తెలియదంటే తెలియదని. పోతే పోయిందనే చెప్తాది. ఉండు, అడగనీ."

ఆ చోట సున్నా కనిపించి ఉంటే నా తమ్ముడు అక్కడే కూలబడేవాడు. నేను కూడా. మరదలు తెచ్చిన నీళ్ళు తాగే లోపల క్లయింట్ తోటివాళ్ళను అడిగి, సరిచూసుకుని, మొత్తం చూపించింది. అంతా ఉంది. విడతలన్నీ ఉన్నాయి. ఎవరూ ముట్టలేదు.

ఇక పంపాలి. ఉన్నదంతా ఊడ్చి పంపే పిలుపు మా కిటికీలో లేదు. పిలుపులు తక్కువ ఉండాలన్నది నేనే. కాబట్టి వచ్చిన ఒక్కో విడతనూ పేరుపేరునా చెప్పాలి. త్వరగా పుటలోకి ఎక్కాలంటే ఎంత రుసుము ఇవ్వాలో లెక్కకట్టాలి. అది తీసేయగా మిగిలింది సరిగ్గా రాయాలి. తొందరలో పాస్‌వర్డ్ తప్పు కొట్టాను. మళ్ళీ కొట్టాను. నా బ్యాగులోంచి పెన్‌డ్రైవ్ తీసి కొత్త చిరునామా అతికించి, మొదలూ చివరా సరిచూసి, పంపాను.

"విన్నాను" అని వచ్చింది.

అయిపోయిందా అక్కా అంటే, ఇంకా లేదన్నాను. విన్నాను అంటే మన మాట బయటికి పోయింది, తోటివాళ్ళ చెవిన పడింది, అంతే. పుటలోకి ఎక్కేదాకా, అవే పన్నెండు మాటలు చేతిలో ఉన్నవాడు ఇంకా ఎక్కువ రుసుము పెట్టి దాన్ని తనవైపు తిప్పుకోగలడు. పుట ఎప్పుడు వస్తుందో ఎవరి చేతిలోనూ లేదు. పది నిమిషాలకు రావచ్చు. ఒక్కోసారి గంట పడుతుంది. తమ్ముడు బయటికి వెళ్ళి ఒక సమాధి రాయి మీద ఉలి పెట్టి, కొట్టకుండా అలాగే కూర్చున్నాడు.

అప్పుడు నా ఫోన్ మోగింది. గ్రూపులో కొత్త ఫోటో. పాపం మా మామ, గొడవ చల్లార్చాలని మనసులను దేవుని వైపు తిప్పాలనుకున్నాడు. రాయిని శుభ్రంగా కడిగించి, ఎండలో నిలబెట్టి, పూర్తి ఫోటో తీసి పెట్టాడు. సహోదరులారా, కలహాలు మాని ఈ వాక్యాన్ని ధ్యానించుదము అని కింద రాశాడు. పన్నెండు మాటలూ ఉన్నాయి. తళతళలాడుతున్నాయి. ఎవరో ఆమెన్ అన్నారు కూడా.

ఫోన్ బోర్లా పెట్టేశాను. మరదలికి చూపించలేదు, తమ్ముణ్ణి పిలవలేదు. తెర వైపు చూస్తూ కూర్చున్నాను. కాలేజీలో పరీక్ష ఫలితాలకు కూడా నేనట్లా కూర్చోలేదు. వాదించడానికి ఎదురుగా ఎవరూ లేరు. అడిగితే అదే జవాబు. విన్నాను. మళ్ళీ అడిగితే విన్నాను. అబద్ధమైనా సరే, అయిపోయిందని చెప్పు అనిపించింది. చెప్పదు. చెప్పకూడదని నేర్పింది నేనే.

మరదలు అన్నం తినమని రెండోసారి పిలుస్తుండగా మాట మారింది. ఖాయం.

మరదలే తెర చూసి బయటికి వినపడేట్టు చెప్పింది. తమ్ముడు లోపలికి వచ్చాడు. ఒళ్ళంతా రాతి దుమ్ము, కళ్ళ కింద రెండు చారలు తడిసి ఉన్నాయి. ముగ్గురం కూర్చుని తిన్నాం. జొన్నరొట్టె, గోంగూర పచ్చడి. అంత ఆకలి నాకు ఈ మధ్యకాలంలో వేయలేదు. రెండో రొట్టె సగంలో ఉండగా నా నోరు నాకు తిరిగొచ్చింది. పొద్దున దాచుకున్న తిట్లన్నీ అప్పుడు తీశాను. వాడు నవ్వుతూ తిన్నాడు. వాడి మీద తిట్లు పనిచేయడం లేదని తెలిసి కూడా ఆపలేదు. హాయిగా ఉండింది.

సాయంత్రం మామకు ఫోన్ చేసి ఉన్న మాట చెప్పాను. అది వాక్యం కాదు మామా, ఒక తాళంచెవి, పొద్దున దాకా పనిచేసేది, ఇప్పుడు ఆ తాళమే లేదు అన్నాను. స్పీకర్‌లోనే విన్నాడు. ఈ దినమంతా చదివినా అర్థం కాకపోయె, దాంట్లో దోషం నాదేమో అనుకుంటిని అన్నాడు. ఆయన గొంతులోనూ ఊరట. రాయి పారేయడానికి మనసొప్పలేదట. కుళాయి కింద కాళ్ళు కడుక్కునే చోట వేయించాడు.

ఖర్చు లేకుండా మాత్రం పోలేదు. దాతల ఫలకం గొడవ నేను ఆపితే ఆగే దశ దాటిపోయింది. ఆదివారం ఆరాధన తర్వాత కమిటీ కూర్చుని, నేను అన్నది న్యాయమేనని, వయసు వరసలో మళ్ళీ చెక్కించాలని తీర్మానించింది. మళ్ళీ చెక్కాల్సింది ఎవరు? మా తమ్ముడు. కూలీ అడిగే మొహం కూడా లేదు వాడికి.

"నన్ను కాపాడ్డానికి నా నెత్తినే పని పెడితివి గదక్కా."

"తాళంచెవినే రాయిమీద చెక్కినోడివి, నాలుగు పేర్లు మళ్ళా చెక్కలేవా?"

అంతటితో అయినా తేలిందా అంటే, వయసు వరస అనేసరికి ఆడవాళ్ళు ఒక్కరూ వయసు చెప్పలేదు. మగవాళ్ళలో ఇద్దరు తగ్గించి చెప్పారు. చివరికి అకారాది వరసలో పెట్టారు. ఈసారి నేను గ్రూపులో నోరు తెరవలేదు.

బృందం పెద్దకు జరిగిందంతా రాశాను. ఆయన జవాబు నేను ఊహించిందే. కిటికీని బయటికి తెరవనిచ్చి ఉంటే మీరు ఇంట్లోంచి కదలకుండా నిమిషంలో ముగించేవారు కదా అన్నాడు. నేను నా ఇంట్లో కూర్చుని చేయగలిగితే, ఇంకొకడు వాడి ఇంట్లో కూర్చుని అదే పని చేయగలడు, ఆ పొద్దున బస్సులో ఉన్నంతసేపూ నాకున్న ధైర్యం అదొక్కటే అని రాశాను. మూడో రోజు మర్యాదగా ఒక్కటే అడిగాడు: సరే, అక్కడ కూర్చున్నప్పుడు మీ చేతిలో ఏముండి ఉంటే బాగుండేది?

దానికి వాదన లేదు. ఉన్నదంతా ఒక్క పిలుపుతో కొత్త చిరునామాకు ఊడ్చే మాట ఉండి ఉంటే బాగుండేది. కొత్త పిలుపులు వద్దన్నది మీరే కదా అని ఆయన గుర్తుచేయలేదు. నేనూ గుర్తుచేయలేదు. ఆ వారమే రాసి పెట్టాను. లోపలి నుంచి పిలిస్తేనే పలుకుతుంది, అందులో మార్పు లేదు. దీన్ని ఎప్పుడు వాడాలి అన్న వివరణలో, మీ రహస్య పదాలు నలుగురి కళ్ళ బడ్డాయని అనుమానం వస్తే అటూ ఇటూ ఆలోచించకుండా దీన్నే వాడండి అని రాశాను. వివరణలో ఇంత మాట్లాడినట్టు రాస్తే బాగుండదేమో అన్నాడాయన. బాగుంటుంది అన్నాను. అలాగే ఉంది.

కొత్త పన్నెండు మాటల కాగితం ఆ రోజే తమ్ముడి చేతిలో పెట్టి, నా కంప్యూటర్‌లో ఉన్నదాన్ని చెరిపేశాను. దాన్ని ఎక్కడ దాచాడో నాకు తెలియకూడదు. తెలిస్తే అది రహస్యం కాదు. మొన్న ఖాతా కాగితాలు పూర్తయి రూపాయలు బ్యాంకులో పడ్డాయని చెప్పడానికి ఫోన్ చేశాడు. ఇంకొక ఆర్డరు కూడా వచ్చిందట. దీని డబ్బూ బిట్‌కాయిన్‌లోనే వస్తుందట. మాట్లాడి మాట్లాడి పెట్టేయబోతూ ఉంటే నేనే ఆపుకోలేక, ఆ మాటలు జాగ్రత్తగానే ఉన్నాయా అని మాత్రం అడిగాను.

"ఉండాయిలే," అన్నాడు. "రాయి కాదులే అక్కా."